శనగ రైతు బిడ్డకి, ఆస్ట్రేలియా వ్యాసం గురించి

అమ్మాయ్,

నీ వ్యాసం చదివినా. వాక్యం బాగానే నడుస్తా ఉంది, పొగడ్త ఇంతటితో ఆపి పనిలోకొస్తా. మనకీ ఆస్ట్రేలియాకీ మధ్య వ్యాపారం గురించి రాస్తా, మొదటి రెండు పేజీలు ప్రధానులు చేతులు కలపడం, క్వాడ్ అని మనమూ అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా కలిసిన కూటమి, స్నేహబంధం. ఇవన్నీ ఢిల్లీలో కూర్చున్నోళ్లు రోజూ రాస్తానే ఉంటారు, నాగులుప్పలపాడు నించి నువ్వు కూడా అదే రాయడం దేనికి? మీ నాయన కోల్డ్ స్టోరేజీలో శనగలు పెట్టుకోని రేటు కోసం చూస్తా ఉండాడని ఫోన్లో నువ్వే చెప్తివి, వ్యాసంలో మాత్రం శనగ ఊసే లేదు, అదేందమ్మా!

మనకీ ఆస్ట్రేలియాకీ వాణిజ్య ఒప్పందం మీద 2022 ఏప్రిల్ 2న సంతకాలయినయి, మన తరఫున అప్పటి వాణిజ్య మంత్రి పీయూష్ గోయల్, వాళ్ల తరఫున అప్పటి వాణిజ్య మంత్రి డాన్ టెహాన్, ఆ డిసెంబరు 29 నించి అమలు. ఇంతవరకు నువ్వూ రాశావు, ఆడే ఆగిపోయావు. నేనైతే ముందు ఒప్పందంలో చేర్చకుండా వదిలేసిన సరుకుల జాబితా పట్టుకుంటా. పాల సరుకులు, గోధుమ, బియ్యం, పంచదార, వీటితోపాటు శనగ కూడా మనోళ్లు బయటే పెట్టారు. మరి ఆస్ట్రేలియా శనగ ఓడలకి ఓడలు ఎట్టా దిగింది? 2018లో అరవై శాతం దాకా తీసుకపోయిన శనగ దిగుమతి సుంకాన్ని 2024 మేలో మన కేంద్రమే ఎత్తేసింది, పప్పు రేటు మండిపోతా ఉందని. దానికి ఆస్ట్రేలియా వాళ్లతో సంతకం ఏం అక్కర్లా. 2025 ఏప్రిల్ 1 నించి మళ్లీ పది శాతం వేశారు. ఆ మధ్యలో వాళ్లకి పంట విరగ్గాసింది, వాళ్ల కోతలు అక్టోబరు నించి డిసెంబరు దాకా, ఆ సరుకు ఓడెక్కి మన రేవుకి చేరే టయానికి మీ జేజీ 11 రకం శనగ కోతకొస్తది, ఇంక మీ నాయన రేటు ఏమవుద్దో నాకంటే నీకే బాగా తెలుసు. అంటే దెబ్బ కొట్టింది ఒప్పందం కాదు, ఈడ తీసుకున్న నిర్ణయం. నీ వ్యాసం మొత్తానికి ప్రాణం ఇదేనమ్మా, దీన్ని చివర్లో తోకలాగా తగిలించబాక, ముందే పెట్టు.

రొయ్యల సంగతి దీనికి తిరగేసి ఉంటది. మన రొయ్య ఆస్ట్రేలియాకి పోవడానికి అడ్డం సుంకం కాదు, రోగం భయం. 2016 చివర్లో క్వీన్స్‌ల్యాండ్‌లో లోగన్ నది పక్కనున్న రొయ్యల ఫారాల్లో వైట్ స్పాట్ అనే వైరస్ తెగులు వచ్చింది, 2017 జనవరిలో వాళ్లు పచ్చి రొయ్యల దిగుమతి ఆపేశారు, తర్వాత వదిలినా తల, పెంకు తీసి టెస్టు చేసిన సరుకే రావాలన్నారు. వాళ్లది మరీ చాదస్తం అని రాశావు చూడు, ఆ మాట కొట్టెయ్. వైట్ స్పాట్ అంటే ఏందో నెల్లూరోళ్లకి ఒకరు చెప్పాల్నా? 1994, 95 ప్రాంతంలో టైగర్ రొయ్య గుంటలు ఎట్టా ఖాళీ అయినాయో, అప్పులకి పొలాలు ఎట్టా పోయినాయో ఇందుకూరుపేట, విడవలూరు పక్క ఏ పెద్దాయన్ని కదిలించినా చెప్తాడు. ఇప్పుడు పెంచే వనామీ రకం రొయ్య వచ్చింది 2009 తర్వాత గదా. మనం పడిన బాధే వాళ్లూ పడ్డారు, కాబట్టి భయపడతారు, ఇది నువ్వు రాస్తే ఢిల్లీ వాళ్లు రాయలేని వ్యాసమవుద్ది.

2025 ఆగస్టు 27 నించి మన సరుకు మీద అమెరికా సుంకం యాభై శాతానికి పోయాక ఎగుమతిదారులు వేరే మార్కెట్ల వైపు చూశారు, అక్టోబరులో మంత్రి లోకేష్ ఆస్ట్రేలియా పర్యటనలో ఉండగా పెంకు తీయని మన రొయ్యకి అనుమతి వచ్చిందని చెప్పారు. మంచిదే. దానికే "అమెరికా పోతే ఆస్ట్రేలియా ఉంది" అని రాసేశావు, ఆ దేశం జనమంతా కలిపినా మూడు కోట్లు లేరమ్మా, మన రాష్ట్రంలో ఇంచుమించు సగం, వాళ్లెన్ని రొయ్యలని తింటారు? పైగా అనుమతి వచ్చిందంటే షరతులు కూడా వస్తాయి. రోగం లేని గుంట అని చూపించాల, పట్టుబడికి, అంటే గుంటలో రొయ్య పట్టేదానికి ముందు టెస్టులు, కాగితాలు. ఆ ఖర్చు రొయ్యని శుద్ధి చేసి పంపే ప్లాంటు వాళ్లు భరిస్తారా, కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి కట్టే కౌంట్ రేటులో కోసి రైతు నెత్తిన వేస్తారా, ఇది అడక్కుండా వ్యాసం ముగించబాక. ఏజెంటు ఒక మాట చెప్తాడు, రైతు ఇంకో మాట చెప్తాడు, రెండూ రాయి.

బొగ్గు, ఉన్ని, స్టూడెంట్ వీసాలు, అన్నీ ఒకే పేరాలో కుక్కావు. తీసెయ్. ఇంకో వ్యాసానికి పనికొస్తాయి.

నీ దగ్గర శాతాలు చాలానే ఉండాయి గానీ ఏ తేదీవో లేదు. సుంకం అనేది నోటిఫికేషన్‌కొకసారి మారేది, తేదీ లేని శాతం అచ్చేస్తే ఆర్నెల్లకి అబద్ధమవుద్ది.

ముందు శనగ భాగం ఒక్కటే రాసి పంపు, మీ నాయన్ని అడిగి ఏ నెల ఏ రేటు పలికిందో చీటీలు చూసి రాయి, ఆయన నోటిలెక్క నమ్మబాక, రైతులు పోయిన రేటు ఎప్పుడూ ఎక్కువే చెప్తారు. రొయ్యల భాగానికి నెల్లూరు రా, పట్టుబడి ఉన్న రోజు చూసి చెప్తా, చీకటితోనే మొదలవుద్ది కాబట్టి ముందురోజు రాత్రికే దిగాల.