చికెన్ బాధ్యత నెత్తిన వేసీసుకున్నావా తమ్ముడూ

చీపురుపల్లి నుంచి వెళ్లి టెక్సాస్‌లో చదువుకుంటున్న ఓ తమ్ముడు అడిగాడు, అన్నయ్యా జూలై నాలుగుకి పార్కులో బార్బిక్యూ అంటున్నారు, చికెన్ నేను చూసుకుంటా అని నోరు జారీసాను, ఏటి జాగ్రత్తలు తీసుకోవాలి, తక్కువ ఖర్చులో ఎలా చెయ్యాలి అని. ఆ రెండో ముక్క దగ్గరే నాకు గుండె గుభేల్మంది. ఎందుకంటే సరిగ్గా ఆ తక్కువ ఖర్చు పిచ్చిలోనే నేను నాతో సహా నలుగురిని మంచం ఎక్కించాను.

నేను అమెరికా వెళ్లింది 2005 ఆగస్టులో. మరుసటి యేడు మే నెలాఖరున మెమోరియల్ డే సెలవొస్తే రూమ్మేట్లందరం పార్కుకి పోదాం అనుకున్నాం. అప్పుడు డాలరు 45 రూపాయల దగ్గరుండేది, నేను పంచదార కొన్నా 45తో గుణించుకునే మనిషిని. షాపులో పది పౌన్ల, అంటే నాలుగున్నర కిలోల లెగ్ పీసుల సంచి, పౌను 59 సెంట్లు, గడ్డకట్టి బండరాయిలా ఉంది. ఆరు డాలర్లకి పది పౌన్లు అని పొంగిపోయి తెచ్చీసాను. రాత్రి సింకులో నీళ్లు నింపి అందులో పడేశాను, మంచు కరగాలని. తెల్లారి ఒక్కో ముక్కా కుళాయి కింద పెట్టి మా అమ్మ కడిగినట్టే మూడుసార్లు కడిగాను, ఆ నీళ్లన్నీ చింది పక్కనే తరిగి పెట్టిన కీరా, ఉల్లిపాయల మీద పడుతున్నాయని నాకేటి తెలుసు. పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం పట్టించి గట్టు మీదే మధ్యాహ్నం దాకా ఉంచాను, ముక్కకి మసాలా పట్టాలి కదా మరి. ఫ్రిజ్‌లో పెడితే పట్టదనుకున్నాను. పెరుగు పులుపుకి క్రిములు చచ్చిపోతాయని కూడా అనుకున్నాను, చావవు.

ఐసు వేసి తిండి చల్లగా ఉంచుకునే కూలర్ డబ్బా ఇరవై డాలర్లు. ఇరవై ఇంటూ నలభై ఐదు తొమ్మిదొందలు, ఓ ప్లాస్టిక్ డబ్బాకి తొమ్మిదొందలా అని వదిలీసి, రెండు కవర్లు చుట్టి డిక్కీలో పెట్టాం. ముప్పావు గంట ప్రయాణం. పార్కులో బొగ్గులు అంటుకోవట్లేదని లైటర్ ద్రవం ఓ అరసీసా పోశాం, మంట మనిషెత్తు లేచింది, పది నిమిషాల్లో ముక్కలు బొగ్గులా నల్లబడ్డాయి, అందరూ అబ్బ బాగా కాలింది అన్నారు. కాల్చినవి మళ్లీ ఏ ట్రేలో వేశానంటే, పచ్చి ముక్కలు తెచ్చిన ట్రేలోనే. పైగా అడుగున మిగిలిన మసాలా వృథా ఎందుకని బ్రష్‌తో కాలిన ముక్కల మీద పూశాను. చీకట్లో తిన్నాం. ఎముక దగ్గర కొరికితే మెత్తగా, జిగటగా తగిలింది, జ్యూసీగా ఉందిరా అని ఒకడు మెచ్చుకున్నాడు కూడా.

సోమవారం తిన్నాం, బుధవారం రాత్రి మొదలైంది. నలుగురం, ఒకటే బాత్రూమ్, ఇంకేం చెప్పను. రెండ్రోజులు గడిచిపోయింది కదా, చికెన్ మీద అనుమానమే రాలేదు, మంగళవారం ఓ అక్క ప్రేమగా పంపిన పులిహోర మీదకి నెట్టీసాం పాపం. మాలో ఒకడికి జ్వరం, రక్తం పడ్డం మొదలైతే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం. టెస్టులో కాంపైలోబాక్టర్ అనే క్రిమి అని వచ్చింది, కోడి మాంసంలో మామూలుగా ఉండేదే, తిన్నాక రెండు నుంచి ఐదు రోజులకి బయటపడుతుందంట. రెండు సెలైన్ బాటిళ్లు ఎక్కించి పంపించారు. ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధైర్యంగా ఉన్నాం, డిడక్టిబుల్ అనే మాట, అంటే ఇన్సూరెన్స్ వాళ్లు ఇచ్చేముందు మన జేబులోంచి కట్టాల్సిన వాటా, అప్పుడే నేర్చుకున్నాం. నెలన్నరకి బిల్లు వచ్చింది, మేం కట్టాల్సింది 1,400 డాలర్లు. వండింది నేను కాబట్టి వాడొక్కడి మీద వెయ్యలేక నలుగురం పంచుకున్నాం, తలకి 350. 1,400 అంటే అప్పటి లెక్కలో 63 వేలు. మాది ఉద్దానం, ఆ యేడు మా నాన్న జీడిపిక్కలు అమ్మితే వచ్చింది దానికి కాస్త అటూ ఇటూ. తిత్లీ తుఫానుకి తోటలు పోక ముందు మాట లెండి. ఇంట్లో చెప్పలేదు, ఇప్పటికీ మా నాన్నకి తెలీదు. ఇరవై డాలర్ల డబ్బా మిగుల్చుకున్నందుకు ఇదీ కథ.

ఇప్పుడు నేను సెలవు మీద ఊర్లోనే ఉన్నాను. పొద్దున్న కాశీబుగ్గలో చికెన్ షాపుకెళ్తే కోడిని కళ్లముందే కోసి, నల్ల కవర్లో వేసి ఇచ్చాడు, చేతికి వెచ్చగా తగిలింది. గంటలో అది పొయ్యి మీద తెర్లుతోంది. నేను అలవాటు కొద్దీ సూట్‌కేసులో తెచ్చిన థర్మామీటర్ కూరలో గుచ్చితే 200 ఫారెన్‌హీట్ దాటింది, మా అమ్మ చూసి "కూరకి జొరం చూస్తన్నావేట్రా" అని ఒకటే నవ్వు. ఆవిడ నవ్వడంలో తప్పులేదు. మన కూర అరగంట పులుసులో ఉడుకుతుంది, క్రిములకి బతికే దారి లేదు, అందుకే మన తాతలెవరికీ థర్మామీటర్ అక్కర్లేకపోయింది. గ్రిల్ అలా కాదు, పైన మాడిపోతుంది, లోపల పచ్చిగా ఉంటుంది, రంగు చూసి చెప్పలేవు, వాసన చూసి అస్సలు చెప్పలేవు. వనభోజనాల్లో నాలుగొందల మందికి వండిన ఇంట్లో పుట్టాను నాకు తెలీదా అనుకుంటావు చూడు, అక్కడే దెబ్బ తింటావు. ఉసిరిచెట్టు కింద మనం తినేది పప్పూ కూరా సాంబారు, గ్రిల్ మీద లెగ్ పీసు కాదు.

అందుకని పన్నెండో పదిహేనో డాలర్లు పెట్టి థర్మామీటర్ కొను, ఇందులో బేరం చూడకు. ముక్క బాగా మందంగా ఉన్నచోట, ఎముకకి తగలకుండా గుచ్చు, 165 ఫారెన్‌హీట్ వస్తేనే తియ్యి. బర్గర్లలో వేసే బీఫ్ కీమాకి 160 చాలు. బయట పెట్టిన తిండి రెండు గంటలు దాటకూడదు, ఎండ 90 దాటితే గంటే. టెక్సాస్ జూలై అంటే మన రోహిణీ కార్తెకి అన్నగారు, కాబట్టి నీకు గంటే అనుకో. మిగతా రూల్స్ అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ల సైట్‌లో ఉంటాయి, చూసుకో, పార్కు రూల్స్ గేటు దగ్గర బోర్డు మీదుంటాయి.

గడ్డకట్టింది కొంటే రెండు రోజుల ముందే ఫ్రిజ్‌లోకి మార్చు, అడుగున ఓ పళ్లెం పెట్టి. కడక్కు, చెప్తే మీ అమ్మగారు ఒప్పుకోరు గానీ కడక్కు. మసాలా రాత్రే పట్టించి ఫ్రిజ్‌లోనే ఉంచు, పైన పూయడానికి కావాలంటే ముందే ఓ గిన్నెలో విడిగా తీసి పెట్టుకో. ఇంకొక తెలివి చేస్తారు, ఇంట్లో సగం ఉడికించి తీసుకెళ్లి పార్కులో మిగతా సగం కాలుద్దాం అని, నేనూ చేశాను ఓసారి, అది అన్నిటికంటే చెడ్డ పని. ఉడికిస్తే పూర్తిగా ఉడికించి చల్లార్చి ఐసులో తీసుకెళ్లు, అక్కడ వేడిచేసేటప్పుడు కూడా 165 చూడు.

కూలర్లు రెండు కావాలి. కంగారు పడకు, థర్మాకోల్‌వి చవగ్గా దొరుకుతాయి. కూల్ డ్రింకుల డబ్బా ఐదు నిమిషాలకోసారి ఎవడో ఒకడు తెరుస్తాడు, పచ్చి చికెన్ అందులో పెడితే ఐసు తొందరగా నీరైపోతుంది. చెయ్యి కడుక్కోడానికి ఓ క్యాన్ నీళ్లు, సబ్బు. ట్రేలు రెండు, పట్టుకార్లు రెండు, పచ్చిదానివి వేరు. మీలో శాకాహారులుంటే మొక్కజొన్న పొత్తులు, పనీర్ ముందు కాల్చీ, చికెన్ తర్వాత, లేకపోతే వాళ్లు రోజంతా అరటిపండు తిని కూర్చుంటారు, నేను చూశాను. పార్కు గ్రిల్ మీద ఇనప బ్రష్‌తో గీకితే వెంట్రుకంత తీగముక్కలు ఊడి కమ్మీలకి అతుక్కుంటాయి, తడి కాగితంతో ఓసారి తుడువు.

వాన పడితే మాత్రం బొగ్గుల గ్రిల్ ఇంట్లోకి తేవొద్దు, బాల్కనీలోకి కూడా. మన కుంపటిలా అనుకోకు, తలుపులు మూసిన అపార్ట్‌మెంట్‌లో బొగ్గు గ్యాసు ప్రాణం తీస్తుంది, వాసన కూడా రాదు. బాల్కనీకైతే చాలా అపార్ట్‌మెంట్లలో ఫైన్ వేస్తారు, నాకు 150 డాలర్లు పడింది.

మిగిలింది డబ్బాల్లో సర్దుకుని తెచ్చుకునే అలవాటు మనకి పోదు. నాకు ఇన్నేళ్లైనా పోలేదు, చద్దన్నం తిని పెరిగిన ప్రాణం, తిండి చెత్తబుట్టలో వెయ్యాలంటే చెయ్యి రాదు. గంట ఎండలో ఉన్న చికెన్ పారెయ్యడానికి చెయ్యి రాకపోతే ఆ 1,400 గుర్తు తెచ్చుకుంటాను, అప్పుడొస్తుంది. అసలు మిగలకుండా కొనడమే మేలు. ఎంతమంది వస్తున్నారో, అందులో మనవాళ్లు ఎంతమందో రేపటికల్లా చెప్పు, లెక్క నేను వేస్తాను. మనిషికి అర పౌను మించి తీసుకోకు, ఎవరో ఒకరు పులిహోర తెస్తారు, అందరూ దాని మీదే పడతారు.