ఊళ్లోని ఎలక్ట్రికల్ సంఘంలో చేరితే ఉపయోగం ఉంటుందా?

వైర్‌మన్ పర్మిట్ వచ్చి ఏడాదైన ఒక యువకుడు అడిగిన ప్రశ్న ఇది: "మా పట్టణంలోని ఎలక్ట్రికల్ సంఘంవారు సభ్యత్వం తీసుకోమంటున్నారు. ఏటా చందా కట్టాలి, గుర్తింపు కార్డు ఇస్తారు, నెలకొక పత్రిక పంపుతారు, జనవరిలో సభ జరుపుతారు. సంఘం చెప్పిన రేటుకే పని చేయాలని కూడా అంటున్నారు. చేరమంటారా?"

చేరండి. అయితే వాళ్లు చూపిస్తున్న కారణాల కోసం మాత్రం చేరకండి.

విజయవాడ గవర్నరుపేటలో నాకొక చిన్న ఎలక్ట్రికల్ దుకాణం ఉంది. కాంట్రాక్టరు లైసెన్సు మీద ఇళ్ల వైరింగు పనులు కూడా చేయిస్తుంటాను. మా సంఘంలో ఇరవై ఏళ్లకు పైగా సభ్యుణ్ణి, రెండు విడతలు కార్యవర్గంలో కూర్చున్నాను. కనుక సంఘాన్ని పొగిడే అర్హతా, తిట్టే అర్హతా రెండూ నాకున్నాయనే అనుకుంటాను.

ముందుగా ఆ రేట్ల సంగతి. పాయింటుకు ఇంత, ఫ్యాను బిగిస్తే ఇంత అని పట్టిక అచ్చువేసి, అంతకు తక్కువకు ఎవరూ చేయకూడదని తీర్మానించడం చాలా సంఘాలకు అలవాటు. మేమూ ఒకప్పుడు ఆ పని చేసినవాళ్లమే. పోటీదారులంతా ఒక సంఘంగా కూడి ధర నిర్ణయించుకుంటే అది 2002 నాటి కాంపిటీషన్ చట్టంలోని 3వ సెక్షను కిందికి వస్తుందని ఒక సభ్యుడి కుమారుడు, న్యాయవాది, మాకు వివరించిన రోజు నుంచి ఆ పట్టిక మా ఆఫీసు గోడ మీద కనిపించలేదు. మీ దగ్గర రేటు పట్టికను చూపించి చందా అడుగుతుంటే ఆ మాట ఒకసారి మర్యాదగా గుర్తుచేయండి. గుర్తింపు కార్డు విషయానికి వస్తే, చట్టం దృష్టిలో మిమ్మల్ని పనికి అర్హుణ్ణి చేసేది మీ పర్మిట్టే. సంఘం కార్డు అపార్ట్‌మెంటు కాపలాదారుకు చూపించడానికి పనికొస్తుంది, అంతకంటే పెద్ద ప్రయోజనమేమీ ఆశించకండి.

ఇక జనవరి సభ. మా ప్రాంతంలో జనవరి 27న ఎలక్ట్రీషియన్స్ డే జరుపుకుంటాం. 1880లో అదే తేదీన ఎడిసన్‌కు విద్యుద్దీపం మీద పేటెంటు మంజూరైంది. ఎడిసన్ చిత్రపటానికి పూలదండ, కేకు, శాలువాలు, మధ్యాహ్న భోజనం, సాయంత్రం వాట్సాప్ గ్రూపులో నూటయాభై ఫొటోలు. ఏడాదికొకసారి కలుసుకోవడం మీద నాకు అభ్యంతరం లేదు కానీ, "సాంకేతిక సదస్సు" అనే పేరుతో ఏదో ఒక కేబుల్ కంపెనీ ప్రతినిధి వచ్చి గంటసేపు తన సరుకు గొప్పదనం చెప్పి, బిర్యానీ పెట్టించి, చేతిసంచీ పంచి వెళ్లిపోవడాన్ని నివేదికలో "సభ్యులకు శిక్షణ" అని రాసుకోవడం మాత్రం నాకు ఎన్నడూ మింగుడుపడలేదు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు తీగలు, కేబుళ్ల మీద 28 శాతం వేసి, నవంబరు 15 నుంచి 18 శాతానికి తగ్గించారు. ఆ తగ్గింపు తమ వినతిపత్రం ఫలితమేనని చెప్పుకోని సంఘం మా జిల్లాలో నాకు కనిపించలేదు. మా సంఘం ఆ సందర్భంగా మిఠాయిలు కూడా పంచింది.

ఇన్ని ఆక్షేపణలున్నా చేరమని ఎందుకంటున్నానో చెప్పాలంటే 2024 వరదల దగ్గరికి వెళ్లాలి.

ఆ ఏడాది ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానకు బుడమేరు వాగు పొంగి గండ్లు పడడంతో అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, వాంబే కాలనీ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద వచ్చింది కాబట్టి, ఊరంతా నీటి మాట తప్ప మరో మాట లేదు. నీళ్లు తీశాక విద్యుత్ సంస్థ సిబ్బంది లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు సరిచేసి కరెంటును మీటరు వరకు తెచ్చారు. మీటరు దాటిన తరువాత లోపల ఉన్నదంతా ఇంటి యజమాని బాధ్యత. ఛాతీ లోతు నీళ్లలో వారంపాటు నానిన బోర్డులకు ఒక్కసారిగా కరెంటు ఇస్తే ఏమవుతుందో మనకు తెలుసు గానీ, వారం రోజులు చీకట్లో ఉన్నవాళ్లకు చెబితే వినరు.

అప్పుడు మా సంఘం చేసిన పని నేను ఎప్పటికీ గౌరవిస్తాను. కేలండరు ప్రకటనల మీద వచ్చిన డబ్బుతో లోగడ రెండు 500 వోల్టుల మెగ్గర్లు, అంటే తీగల నుంచి కరెంటు కారుతుందో లేదో పరీక్షించే పరికరాలు, కొని బీరువాలో పెట్టాం. మామూలు రోజుల్లో వాటిని అడిగినవాడే లేడు. ఆ వారం వాటి చుట్టూనే పని నడిచింది. ముగ్గురేసి చొప్పున జట్లు కట్టి, వీధుల జాబితా పంచుకుని, మీటరు నుంచి లోపలికి వెళ్లే తీగ విప్పి, బోర్డులు తెరిచి, మంచినీళ్లతో కడిగి, పాడైన స్విచ్చులు, ఎంసీబీలు (కరెంటు మితిమీరితే వాటంతటవే పడిపోయే స్విచ్చులు) పారవేసి, ఆరిన తరువాత ఒక్కొక్క సర్క్యూట్‌ను మెగ్గర్‌తో చూసేవాళ్లం. భూమికీ తీగకూ మధ్య ఒక మెగాఓమ్ నిరోధం కూడా చూపించని సర్క్యూట్‌ను విడదీసి పక్కన పెట్టి, పై అంతస్తులో ఒక లైటుకూ ఒక ఫ్యానుకూ మాత్రం కరెంటు ఇచ్చి వచ్చేవాళ్లం. చాలా ఇళ్లలో గోడల్లోని పైపులు నీళ్లతో నిండి ఉండేవి. తీగ లాగితే దాని వెంట చిక్కటి బురద కారేది. ఒక ఇంట్లో పదహారు ఆంపియర్ల సాకెట్ మూత విప్పితే లోపల ప్రాణంతో ఉన్న నత్త కనిపించింది. రివైండింగు దుకాణాలు నడిపే మా సభ్యులు కొందరు వాషింగ్ మెషీన్ మోటార్లు, నీటి మోటార్లు తీసుకెళ్లి, కడిగి, ఎండబెట్టి, వార్నిష్ పట్టించి, కూలి తీసుకోకుండా తిరిగి ఇచ్చారు. అంత మందిని, అన్ని పనిముట్లను, రెండు మెగ్గర్లను ఒక్క పూటలో కూడగట్టడం ఏ ఒంటరి ఎలక్ట్రీషియన్‌కూ సాధ్యం కాదు.

మూడో రోజు జరిగిన సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందులో తప్పు నాది.

సింగ్ నగర్‌లో ఒక రెండంతస్తుల ఇల్లు. కింది భాగంలో గోడల మీద నీటి మట్టం గీత నా భుజం దాకా ఉంది. ఇల్లాలు వాకిట్లో స్టీలు గిన్నెలు తోముకుంటున్నారు, ఫ్రిజ్ వెల్లకిలా పడి ఉంది. నేను మీటరు దగ్గర మెయిన్ దించి, ఇంట్లోకి వెళ్లే తీగ కూడా విప్పాను. లోపల హాలు బోర్డు ముందు మా జట్టులోని కుర్రవాడు ప్లాస్టిక్ స్టూలు మీద నిలబడి ఉన్నాడు.

"బాబాయ్, లైన్ లేదు కదా?" అని అడిగాడు.

"లేదురా, మీటరు తీగే విప్పేశాను. పట్టుకో" అన్నాను.

అతడు అప్పటికే టెస్టరు పెట్టి చూసుకున్నాడు, వెలగలేదు. బోర్డు కవరు తీసి, తీగల కట్ట చేత్తో పట్టుకుని బయటికి లాగుతుండగా ఒక్కసారి కేకవేసి వెనక్కి పడ్డాడు. స్టూలు ఒకవైపు, మనిషి ఒకవైపు. నాకు మొదట ఏమీ అర్థం కాలేదు. మీటరు తీగ నా కళ్ల ముందే విడిగా వేలాడుతోంది.

సంగతేమిటంటే, ఆ ఇంటి ఇన్వర్టరు పైన మెట్ల గదిలో ఉంది. వరద వచ్చిన మొదటి రాత్రే బ్యాటరీ మిగుల్చుకుందామని దాన్ని ఆపేశారు. మేము కింద పని చేస్తుండగా ఆ ఇంటి పిల్లవాడు ఫోను చార్జింగ్ పెట్టుకోవడానికి మేడ మీద దాని స్విచ్ వేశాడు. కింది హాలులోని లైటు, ఫ్యాను కూడా ఇన్వర్టరు లైను మీదే ఉన్నాయి. మెయిన్ దించితే ఇల్లంతా నిర్జీవమైనట్టేనని నా చేతికి ముప్ఫై ఏళ్లుగా ఉన్న అలవాటు నన్ను మోసం చేసింది. ఇంకో మాట కూడా గుర్తుపెట్టుకోండి. ఆ ఇంట్లో కరెంటు భూమికి కారితే లైను తెంచేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంది. అయితే అది మీటరు తరువాత, ఇన్వర్టరుకు ముందు ఉంది కాబట్టి, ఇన్వర్టరు నుంచి బయలుదేరిన కరెంటు మనిషిలోంచి పోతున్నా దానికి తెలిసే అవకాశం లేదు. నన్నడిగితే, ఇవాళ ఇళ్లలో మనవాళ్లకు తగులుతున్న షాకుల్లో చాలా భాగానికి ఇన్వర్టరే కారణం.

దేవుడి దయవల్ల అతడికి అరచేయి కాలడంతో పోయింది. ఆస్పత్రిలో ఈసీజీ తీసి, ఒక రాత్రి ఉంచుకుని పంపించారు. ఆ రాత్రి అతడి తల్లి నన్ను ఒక్క మాటా అనలేదు.

మరుసటి నెల సంఘం పత్రిక వచ్చింది. నాలుగు పేజీలు. మొదటి పేజీలో వరద సేవలకు సన్మానం, శాలువాలతో మేమంతా. రెండో పేజీలో సభ్యుల వార్తలు: ఒకరి కుమార్తె వివాహం, ఒకరి కొత్త దుకాణం ప్రారంభోత్సవం, ఇద్దరి పుట్టినరోజులు. వాటి కింద ఒక్క వాక్యం: "సేవా కార్యక్రమంలో అస్వస్థతకు గురైన మన సభ్యుడు త్వరగా కోలుకోవాలని ఆకాంక్షిస్తున్నాము."

అస్వస్థత! జ్వరం వచ్చినవాడికి వాడే మాట. ఇన్వర్టరు పేరు లేదు, ఆర్‌సీసీబీ ఎందుకు పడలేదన్న మాట లేదు, దించానని చెప్పినవాడి పేరూ లేదు. ఆ పత్రిక అందుకున్న సభ్యులంతా మరునాడు అలాంటి ఇళ్లలోకే వెళ్లి, అలాంటి బోర్డులే తెరిచి ఉంటారు. పాత సంచికలు తీసి చూస్తే అంతకు ముందు పోయినవాళ్ల గురించి కూడా "ఆకస్మిక మరణం", "విధి నిర్వహణలో" అనే రాశాం. వాటిలో రెండు నాకు తెలిసి షాకు మరణాలు. అల్యూమినియం నిచ్చెన 11 కేవీ తీగకు తగలడం ఒకటి, ఎర్ర తీగ అయిపోయిందని ఎవరో ఆకుపచ్చ తీగను ఫేజుకు వాడిన ఇంట్లో దాన్ని ఎర్తు అనుకుని పట్టుకోవడం ఇంకొకటి. లక్షలు పోసి ఫాల్స్ సీలింగులో రంగురంగుల స్ట్రిప్ లైట్లు పెట్టించుకునేవారు ఎర్తు తీగ దగ్గరికి వచ్చేసరికి "అవసరమా అండీ" అంటారు. మనం కూడా బేరం పోతుందని తల ఊపుతాం. అది వేరే బాధ.

తరువాతి సమావేశంలో నేను ఒకటే అడిగాను. ప్రతి సంచికలో పుట్టినరోజుల కంటే ముందు, ఆ నెలలో మనవాళ్లకు జరిగిన ప్రమాదాలు, తప్పిపోయిన ప్రమాదాలు, పేర్లు లేకుండా, ఎలా జరిగాయో వివరంగా వేయాలని. వ్యతిరేకత బాగానే వచ్చింది. మన పరువు మనమే తీసుకోవడమని ఒకరు, పత్రిక చూసిన వినియోగదారులు భయపడతారని ఇంకొకరు, ప్రకటనలిచ్చే కంపెనీలు వెనక్కి తగ్గుతాయని కోశాధికారి. మా పెద్దాయన ఒకరు, పర్మిట్ పుస్తకం అట్ట చిరిగిపోయేంత పాతకాపు, లేచి "మొదటిది మీ తప్పే రాయండి, ఆపైన చూద్దాం" అన్నారు. రాశాను. అరపేజీ ఇచ్చారు.

ఇప్పుడు ఆ అరపేజీ నెలనెలా వస్తోంది. ఒక కల్యాణమండపంలో త్రీఫేజు మెయిన్ దగ్గర న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) వదులై, సింగిల్ ఫేజు లైన్ల మీదికి నాలుగు వందల వోల్టుల దాకా వచ్చి, వరుసగా ఏసీలు, టీవీలు కాలిపోయిన సంగతి వేసిన నెలలో, ఇద్దరు సభ్యులు తాము చేసిన మండపాలకు తిరిగి వెళ్లి న్యూట్రల్ స్క్రూలు బిగించి వచ్చామని నాతో స్వయంగా చెప్పారు. ఇన్వర్టరు సంగతి వచ్చాక, "పని జరుగుతోంది, స్విచ్ వేయకండి" అని అట్టముక్కలు అచ్చువేయించి ప్రతి సభ్యుడికీ ఐదేసి ఇచ్చాం. ఇంట్లోకి వెళ్లగానే మొదట ఇన్వర్టరు ఎక్కడుందో అడిగి, దాన్ని ఆపి, బ్యాటరీ తీగ మన చేత్తోనే విప్పి, అప్పుడు ఆ అట్ట తగిలించాలి. టెస్టరును తెలిసిన లైను మీద ఒకసారి చూసుకుని ఆ తరువాతే నమ్మాలి. తీగ పట్టుకునే క్షణానికి ముందు మరోసారి పెట్టి చూడాలి.

చందా వేసేముందు మీ సంఘంవారిని మూడే అడగండి. గత పన్నెండు నెలల పత్రికలు చూపించమనండి, అందులో శాలువాలు తప్ప ఏముందో మీకే తెలుస్తుంది. మెగ్గర్ ఉందా, బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుందో అడగండి. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదు చేయించుకోవడానికి సాయం చేస్తారేమో కూడా కనుక్కోండి. ఎలక్ట్రికల్ పనివాళ్లు కూడా దాని కిందికి వస్తారు. వయసు 18 నుంచి 60 మధ్య ఉండి, గడచిన పన్నెండు నెలల్లో 90 రోజులు పని చేసి ఉండాలి. మన కుర్రవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు.

మీరు విజయవాడ వైపువారైతే పర్మిట్ నకలు, రెండు ఫొటోలు తీసుకుని సాయంత్రం ఏడు దాటాక మా ఆఫీసుకు రండి. ఆ రోజు షాకు తగిలిన కుర్రవాడే ఇప్పుడు సంయుక్త కార్యదర్శి, తాళంచెవి అతడి దగ్గరే ఉంటుంది.