బాబుకి ‘తొలకరి మంజీర’ అని పేరు పెట్టుకోవచ్చా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. మొన్న తొలివాన పడిన రోజు మాకు బాబు పుట్టాడు. అందుకే ‘తొలకరి’ అని, మా ఆవిడ పుట్టిల్లు మంజీర ఒడ్డున కాబట్టి నడిమి పేరుగా ‘మంజీర’ అని పెట్టాలనుకున్నాం. ‘అవి ఆడపిల్ల పేర్లు, ఆఫీసులో రాసుకోరు, రేపు పాస్‌పోర్టుకి తిప్పలు పడతారు’ అని మా నాన్నగారు పట్టుబడుతున్నారు. చట్టం ఒప్పుకుంటుందా?

జవాబు: నిక్షేపంగా పెట్టుకోండి. ఫలానా పేర్లే పెట్టాలన్న జాబితా మన దేశంలో లేదు. మగపిల్లాడికి ఈ పేరు కూడదన్న నిబంధనా లేదు. తన పేరు మీద మనిషికి రాజ్యాంగపరమైన హక్కు ఉంటుందని 2021లో జిగ్యా యాదవ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ నాన్నగారి మాట పెద్దరికానికి విలువిచ్చి వినండి. చట్టప్రకారం మాత్రం పేరు చెప్పాల్సింది తల్లిదండ్రులే. మీ ఇద్దరి మాటా ఒకటైతే చాలు. కేరళలో విడిగా ఉంటున్న భార్యాభర్తలకు పాప పేరు మీద పొత్తు కుదరకపోతే 2023లో హైకోర్టే పేరు ఖాయం చేయాల్సి వచ్చింది.

మీ నాన్నగారి భయంలో నిజం లేకపోలేదు. తిప్పలు వచ్చేది వింత పేరుతో కాదు, ఒక్కో కాగితంలో ఒక్కో రకంగా రాయించడంతో. ఆ మధ్య ఒక తల్లి నా దగ్గరికి వచ్చింది. ప్లాస్టిక్ కవర్లో కొడుకువి ఐదు కాగితాలు, వాటిలో మూడు రకాల పేర్లు. బర్త్ సర్టిఫికెట్‌లో పేరు రెండు ముక్కలు, టెన్త్ మెమోలో కలిపి ఒకటే, ఆధార్‌లో నడిమి పేరే లేదు. అబ్బాయికి విదేశంలో సీటు వచ్చాక బయటపడింది. అఫిడవిట్లు, గెజిట్ ప్రకటన అంటూ ఆమె పడ్డ టెన్షన్ నేను కళ్లారా చూశాను.

అందుకే ఒక తెల్లకాగితం తీసుకుని, ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో పేరు రాసి చూడండి. తొలకరిలో ‘టీ’ పక్కన ‘హెచ్’ వేస్తారా? మంజీరలో ‘జే’ తర్వాత ‘ఐ’ ఒకటా, రెండు ‘ఈ’లా? ఇంటిపేరు పొడి అక్షరమా, పూర్తిగానా? పూర్తిగా రాయించమనే నా సలహా. పొడి అక్షరం పెడితే పాస్‌పోర్టు దగ్గర దాన్ని విప్పి చెప్పాల్సి వస్తుంది. ‘నడిమి పేరు’కి జనన ధ్రువపత్రంలో వేరే గడి ఉండదు. పాస్‌పోర్టులోనూ సొంత పేరుకి ఒకటి, ఇంటిపేరుకి ఒకటి, రెండే గడులు. తొలకరి, మంజీర రెండూ సొంత పేరు గడిలోనే, మధ్యలో ఖాళీ వదిలి రాయాలి.

తొందర ఏమీ లేదు. జననం మాత్రం 21 రోజుల్లో నమోదు కావాలి. ఆసుపత్రిలో పుడితే ఆ సమాచారం వాళ్లే పంపాలి. పేరు లేకుండా నమోదైనా పర్వాలేదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం సెక్షన్ 14 కింద పేరు తర్వాత చేర్చవచ్చు. నమోదైన నాటి నుంచి 12 నెలల వరకు ఫీజు ఉండదు, ఆపైన 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుము కట్టి చేర్చవచ్చు. బారసాల అయ్యాక, మీ నాన్నగారి మనసు కూడా కుదుటపడ్డాక మీసేవలో దరఖాస్తు పెట్టండి.

ఒకసారి పేరు ఎక్కాక మాత్రం ‘మనసు మారింది’ అంటే రిజిస్ట్రార్ మార్చరు. సెక్షన్ 15 పొరపాట్లను దిద్దడానికే. ఆధార్‌లోనూ పేరు మార్పు జీవితంలో రెండుసార్లే. పైగా 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడం దగ్గర్నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి, ఊరికి రుజువు జనన ధ్రువపత్రమే. కాబట్టి పేరుతో ఉన్న పత్రం చేతికి వచ్చాక, మీ తెల్లకాగితం పక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకుని, అప్పుడే బాల ఆధార్‌కి వెళ్లండి.