రాజీనామా తేదీ మీ చీటీని అడగండి

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. నాకు 34 ఏళ్లు. ఒక ప్రైవేటు కంపెనీ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను, చేతికి 31,000 వస్తుంది. మావారు మిర్చి కోల్డ్ స్టోరేజీలో మేనేజరు, ఆయన జీతం 46,000. బాబు మూడో తరగతి. ఐదు నెలలుగా ఆదివారాలు, రాత్రిళ్లు ఇంట్లోనే ప్రకటనలకు, కథలకు వాయిస్ ఓవర్ (గొంతు) చెబుతున్నాను. ఇప్పటికి 45,000 పని చేశాను. ఒక్క నెలలోనే 18,000 వచ్చింది. ఉద్యోగం మానేసి ఇదే చేయాలని ఉంది. గాజులు బ్యాంకులో పెట్టి 1,80,000 తెచ్చి ఒక గదిని స్టూడియోగా మార్పించుకోవాలని, పని గ్యారంటీ అంటున్న 60,000 కోర్సు ఒకటి చేయాలని అనుకుంటున్నాను. ఎఫ్‌డీ 2,80,000 ఉంది. నెలకు 10,000 చొప్పున 25 నెలల చీటీ కడుతున్నాం, ఇంకా 7 నెలలు ఉంది, పాడలేదు. వచ్చే నెల రాజీనామా ఇవ్వచ్చా?

జవాబు: వచ్చే నెల వద్దమ్మా. అసలు మానొద్దని నేను అనడం లేదు. మీరు పంపిన రెండు శాంపిళ్లూ విన్నాను, పిల్లల కథ రెండోసారి కూడా పెట్టుకున్నాను. గొంతు మీద తీర్పు చెప్పడం నా పని కాదు, లెక్కలు చూడటం నా పని. అక్కడే మొదలుపెడతాను.

ముందు ఆ 45,000 సంగతి చూద్దాం. మీరు పంపిన జాబితాలో నెలవారీగా 6,000, 11,500, సున్నా, 18,000, 9,500 ఉన్నాయి. మీవారు ఆ 18,000 పట్టుకుని, ‘ఆదివారాలకే ఇంత వస్తే రోజూ కూర్చుంటే అరవై వేలు’ అంటున్నారట. దాని ముందు నెల సున్నా ఆయన కంట పడినట్టు లేదు. మీకు వారమంతా ఖాళీ దొరికిందని బట్టల షాపువాళ్లు వారమంతా ప్రకటనలు చేయించరు. మన దగ్గర ఈ పనికి సీజన్లున్నాయి. వేసవిలో కాలేజీల అడ్మిషన్లు, ఆ వెంటనే ఆషాఢం సేల్స్, తర్వాత శ్రావణం, దసరా, సంక్రాంతి. మీ 18,000లో సగం పైన కాలేజీ ప్రకటనలే కదా. అవి మళ్లీ వచ్చేది వచ్చే వేసవికే.

ఇంకో సంగతి. మీరు ‘45,000 పని చేశాను’ అని రాశారు, ‘45,000 వచ్చింది’ అనలేదు. అకౌంట్స్ చూసేవారు కాబట్టి చెయ్యి తెలియకుండానే నిజం రాసేసింది. కింద చిన్న అక్షరాల్లో విజయవాడ ఏజెన్సీ ఒకటి 17,500 ఇవ్వాలని, మూడు నెలలైందని ఉంది. అంటే బ్యాంకులో పడింది 27,500. ఐదు నెలలకు పంచితే నెలకు 5,500. మీ ఫ్రీలాన్స్ జీతం ఈ రోజుకు అదీ.

ఈ రంగంలో డబ్బు తక్కువ అని నేను అనను. ఆలస్యంగా వస్తుంది, చిక్కు అక్కడే ఉంది. నేనూ ఒకప్పుడు ఒక వెంచర్ ప్రకటనకు గొంతు అరువిచ్చాను, స్నేహితుడు అడిగాడని. ప్లాట్లన్నీ అమ్ముడుపోయాయి, ఇళ్లు లేచాయి, నా రెండు వేలు మాత్రం ఇంకా దారిలోనే ఉన్నాయి. అందుకే ఈ రోజే ఒక నోటు పుస్తకం తీసి ప్రతి పనికీ మూడు గళ్లు గీయండి: పని పంపిన రోజు, బిల్లు పంపిన రోజు, డబ్బు పడిన రోజు. మూడో గడి నిండేదాకా అది ఆదాయం కింద లెక్క కాదు. ఆరు నెలలు రాశాక ఎవరు పది రోజుల్లో ఇస్తారో, ఎవరు తొంభై రోజులు తిప్పుతారో మీకే అర్థమవుతుంది. తిప్పేవాళ్లకు రేటు పెంచి, సగం అడ్వాన్సు అడగాలి. అడిగితే పోతారేమోనని భయం వద్దు. ఆలస్యం చేసేవాళ్లు పోతే మీకు ఖాళీ మిగులుతుంది.

ఇప్పుడు ఇంటి లెక్క. మీ కాగితం ప్రకారం ఇంటి లోన్ ఈఎంఐ 21,500, బాబు ఫీజు నెలకు సర్దితే 7,000, ఇంటి ఖర్చులు 24,000, చీటీ 10,000, ఎల్‌ఐసీ 3,500. మొత్తం 66,000. మీరు మానేస్తే వచ్చేది 46,000, కొరత 20,000. ‘ఎఫ్‌డీ 2,80,000 ఉంది కాబట్టి 14 నెలలు లాగొచ్చు’ అనుకున్నారు. భాగహారం సరిగ్గానే ఉంది. కానీ ఆ 14 నెలల్లో ఇంట్లో ఎవరికీ జ్వరం కూడా రాకూడదు, ఫ్రిజ్ పాడవకూడదు, మీ మరిది పెళ్లి కుదరకూడదు.

అదే 7 నెలలు ఆగితే చూడండి. చీటీ అయిపోతుంది, నెలకు 10,000 భారం తగ్గుతుంది. చివరి నెలకు మీరే మిగులుతారు కాబట్టి కమిషన్ పోగా 2,30,000 పైనే చేతికొస్తుంది. ఎఫ్‌డీ కదపకపోతే రెండూ కలిపి ఐదు లక్షల పైన. కొరత 20,000 నుంచి 10,000కు దిగుతుంది. మీ రాజీనామా తేదీని నేనేమీ కనిపెట్టలేదు, మీ చీటీలోనే రాసి ఉంది. అయితే ఇదంతా ఆ చీటీ మీదే నిలబడి ఉంది కాబట్టి అడుగుతున్నాను. అది రిజిస్టరైన కంపెనీదేనా, పాస్ పుస్తకం, రశీదులు ఉన్నాయా? లేక అపార్ట్‌మెంట్‌లో ఎవరో వేసిందా? రెండోదైతే ఈ లెక్కలో ఆ 2,30,000 వేయకండి, వచ్చాక సంతోషిద్దాం. ఇది అయ్యాక వెంటనే కొత్త చీటీలో చేరకండి. నెల జీతం వచ్చేవాళ్లకు చీటీ మంచి అలవాటు. ఒక నెల 18,000, ఒక నెల సున్నా వచ్చే ఇంటికి అది టెన్షన్.

కోల్డ్ స్టోరేజీ వాళ్లు మీవారికి ఆరోగ్య బీమా ఇవ్వడం లేదని రాశారు. ముగ్గురూ మీ ఆఫీసు గ్రూపు పాలసీ మీదే ఉన్నారు. మీరు మానేసిన రోజే అది పోతుంది. నన్ను అడిగితే మైకు కంటే ముందు కొనాల్సింది ఇదే. ఉద్యోగంలో ఉండగానే కుటుంబానికంతా కలిపి 10 లక్షల పాలసీ తీసుకోండి. మీ వయసుకు ఏడాదికి పాతిక వేల చుట్టుపక్కల అవుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంతంగా తీసుకునే ఆరోగ్య బీమాకు జీఎస్టీ తీసేశారు, అదొక ఊరట. ముందే తీసుకోమనడానికి కారణం ఉంది. కొత్త పాలసీలో మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప దేనికీ డబ్బు రాదు. పాత జబ్బులుంటే మూడేళ్ల వరకు ఆగాల్సి రావచ్చు. మీవారి బీపీ మాత్రల విషయం దాచకుండా రాయండి. దాచింది క్లెయిమ్ రోజున బయటపడుతుంది.

ఈ ప్రీమియం కూడా కలిపితే నెల కొరత 12,000. కాబట్టి మీ గీత ఇది: చీటీ అయిపోవాలి, మూడో గడిలో వరుసగా మూడు నెలలు 12,000కు తగ్గకుండా డబ్బు పడాలి. రెండూ అయిన రోజు నన్ను అడగకుండానే రాజీనామా ఇవ్వండి. ఒకటే అయితే ఆగండి. ఈలోగా ఆఫీసులో వారానికి నాలుగు రోజులకు ఒప్పుకుంటారేమో అడిగి చూడండి. సీజన్ లేనప్పుడు అకౌంట్స్ తెలిసినవారికి సాయంత్రాలు ఎక్కడో ఒకచోట పని దొరుకుతుంది, ఆ తలుపు మూసుకోకండి. మానినా పీఎఫ్ మాత్రం తీయకండి.

ఇక స్టూడియో. గాజులు బీరువాలోనే ఉండనివ్వండి. ‘ఫ్యాన్ ఆపేసి, బీరువా తలుపులు తెరిచి, చీరల ముందు మైకు పెట్టుకుని రాత్రి పదకొండు తర్వాత చెబుతున్నాను’ అని రాశారు. వేలాడే చీరలు, గోడకు రెండు బొంతలు, కింద పరుపు. గది గంట కొట్టినట్టు మోగకుండా ఉండటానికి ఇంతకంటే చవకైన పద్ధతి లేదు. ఒక పరీక్ష చేయండి. ఏమీ మాట్లాడకుండా అర నిమిషం రికార్డు చేసి, ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో, అది ఉచితమే, ఆ నిశ్శబ్దం ఎన్ని డెసిబెల్స్ ఉందో చూడండి. ఆడియో పుస్తకాలకు అమెజాన్ వాళ్ల ఏసీఎక్స్ అనే వేదిక పెట్టిన నిబంధన మైనస్ 60 కంటే కింద ఉండాలని. ఆ వేదికలో చేరకపోయినా దాన్ని కొలతగా వాడుకోవచ్చు. మీ గది ఈ పరీక్ష నెగ్గితే స్టూడియో అక్కర్లేదు. నెగ్గకపోతే రొద ఎక్కడిదో వెతకండి, ఫ్రిజ్ కావచ్చు, పక్కింటి ఏసీ కావచ్చు. మంచి కండెన్సర్ మైకు, దాన్ని కంప్యూటరుకు కలిపే ఆడియో ఇంటర్‌ఫేసు, చెవులు మూసే హెడ్‌ఫోన్లు, స్టాండు, ఊపిరి దెబ్బ మైకుకు తగలకుండా ఆపే పాప్ ఫిల్టరు అన్నీ కలిపి 40,000 లోపు వస్తాయి. అవీ ఆ 17,500 వసూలయ్యాక, వాయిస్ డబ్బుతోనే కొనండి. మే నెలలో గుంటూరులో ఫ్యాన్ ఆపుకుని బొంతల మధ్య గంటన్నర కథ చదవడం ఎలా ఉంటుందో కూడా ఒకసారి అనుభవించాలి. ఈ పని మీకు ఎంత ఇష్టమో అప్పుడు తెలుస్తుంది.

ఆ కోర్సుకు 60,000 కట్టకండి. పని గ్యారంటీ అనే మాట ఎక్కడ కనిపించినా పర్సు జేబులో పెట్టేయాలి. ‘ఆడియో కథలు ఇస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి’ అనేవాళ్లదీ ఇదే దారి. నేర్చుకోవాలంటే తెనాలి పక్కనే ఉంది. పాత రంగస్థల నటులెవరైనా దొరికితే నెలకు రెండు మూడు వేలకు లకారం ళకారం, శకారం షకారం, ఊపిరి ఆపడం నేర్పుతారు. విజయవాడ ఆకాశవాణి 1948 నుంచి ఉంది. క్యాజువల్ అనౌన్సర్ల ఆడిషన్‌కు పిలుపు వచ్చినప్పుడు దరఖాస్తు పెట్టండి. పెద్దగా డబ్బు రాదు కానీ ప్రసారం మొదలైందని ఎరుపు దీపం వెలిగాక తప్పు లేకుండా చదవడం అక్కడ అబ్బుతుంది. మన కృష్ణా గుంటూరు మాటే తెలుగంటే అనుకునే రోజులు పోయాయి, ఇప్పుడు తెలంగాణ మాట కావాలనే ప్రకటనలూ వస్తున్నాయి. రాని యాసను వచ్చని ఒప్పుకోకండి, వినేవాళ్లు ఒక్క వాక్యంలో పట్టేస్తారు.

పన్ను గురించి మీకు ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఏజెన్సీలు మామూలుగా ఫీజులో 10 శాతం టీడీఎస్, అంటే ముందే మినహాయించే పన్ను, పట్టుకుంటాయి. కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు పన్ను పడదు కాబట్టి, రిటర్ను వేస్తే అది వెనక్కి వస్తుంది. పట్టుకున్నవాళ్లు నిజంగా కట్టారో లేదో ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పాన్ కింద చూసుకోండి. ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. వాయిస్ డబ్బుకు వేరే బ్యాంకు ఖాతా పెట్టండి. ఆన్‌లైన్‌లో పనులు దొరికే ఫైవర్ లాంటి చోట మీ సంపాదనలో 20 శాతం వాళ్లే తీసుకుంటారు, రేటు పెట్టేటప్పుడే అది కలుపుకోండి.

కంప్యూటరు తయారు చేసే కృత్రిమ (ఏఐ) గొంతుల గురించి మీరు అడగలేదు, నేనే చెబుతాను. చౌక ప్రకటనలు చాలావరకు అటే వెళ్తాయి, కాబట్టి మూడు వందల రూపాయల పనుల మీద ఇల్లు కట్టకండి. ప్రతి పనికీ ఈమెయిల్‌లో మూడు ముక్కలు రాయించుకోండి: ఈ గొంతు ఎక్కడ వాడతారు, ఎన్నాళ్లు వాడతారు, దీంతో కృత్రిమ గొంతు తయారు చేయకూడదు. మీ తప్పుకు మళ్లీ చెప్పడం ఉచితం. వాళ్లు స్క్రిప్టు మారిస్తే దానికి డబ్బు. ఇదీ ముందే రాయండి.

ఈ వారం చేయాల్సింది ఒక్కటే. 17,500 బాకీ ఉన్న ఆ విజయవాడ ఏజెన్సీకి వాట్సాప్ మెసేజ్ కాదు, ఫోన్ చేయండి. మీతో పని చేయించుకున్న అబ్బాయితో కాదు, అక్కడ అకౌంట్స్ చూసేవారితో మాట్లాడండి, మీరూ ఆ సీటులో కూర్చున్నవారే కదా. ‘ఎప్పుడు ఇస్తారు’ అనకుండా ‘ఏ తేదీన వేస్తారు’ అనండి. వాళ్లు చెప్పిన తేదీని మూడో గడిలో పెన్సిల్‌తో రాయండి. డబ్బు పడ్డాక పెన్ను తీయచ్చు.