చేయి చాచే లేఖ, చేతులు జోడించే లేఖ

ప్రశ్న: బడి మధ్యలో మానేసిన పిల్లల చదువు కోసం మేము కొందరం కలిసి ఒక చిన్న సంస్థ నడుపుతున్నాం. విరాళాలు కోరుతూ నిరుడు పంపిన లేఖలకు స్పందన అంతంత మాత్రంగానే వచ్చింది. పైగా, విరాళమిచ్చిన ఒక పెద్దాయన, కృతజ్ఞతా లేఖలోనే మళ్లీ సాయం అడిగామని నొచ్చుకున్నారు. ఈ రెండు రకాల లేఖలనూ ఎలా రాయాలో వివరించగలరు.
– ఒక పాఠకురాలు

జవాబు: ఆ పెద్దాయన నొచ్చుకోవడంలో న్యాయముంది కనుక, ముందు కృతజ్ఞతా లేఖ సంగతే చూద్దాం. విరాళం అందిన రెండు మూడు రోజుల్లో దానిని పంపించాలి. "మా కార్యవర్గం తరఫున హృదయపూర్వక ధన్యవాదాలు తెలియజేసుకుంటున్నాం" అని మొదలుపెట్టే బదులు, "మీరు పంపిన సొమ్ముతో 12 మంది పిల్లలకు పాఠ్యపుస్తకాలు కొన్నాం" అని మొదలుపెడితే, తన డబ్బు ఏమైందో దాతకు మొదటి పంక్తిలోనే తెలుస్తుంది. సొమ్ము ఇంకా ఖర్చు కాకపోతే, దేనికి ఖర్చు చేయబోతున్నారో చెప్పండి; జరగని పనిని జరిగినట్టు మాత్రం రాయకండి.

కృతజ్ఞత చెబితే దాత మళ్లీ ఇస్తాడన్న లెక్క కూడా అంత నమ్మదగినది కాదు. అమెరికాలో కొన్ని లక్షల మంది దాతలపై జరిపి 2023లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ధన్యవాదాలు చెబుతూ చేసిన ఫోన్ల వల్ల మరుసటి విరాళాలు పెరగలేదని తేలింది. అయినా ధన్యవాదాలు చెప్పవలసిందే, ఎందుకంటే అది మనం తీర్చవలసిన బాకీ.

రసీదును లేఖలో కలపకుండా విడిగా జతచేయడం మేలు. దాత పేరు, తేదీ, అంకెల్లోనూ అక్షరాల్లోనూ మొత్తం, చెల్లించిన విధానం, రసీదు సంఖ్య, ఫలానా పనికే వాడమని దాత కోరి ఉంటే ఆ పని, బదులుగా మీరు ఏదైనా ఇచ్చి ఉంటే ఆ వివరం అందులో ఉండాలి. పన్ను మినహాయింపు నిబంధనలు దేశానికొక తీరుగా ఉంటాయి కనుక, రసీదులోని మాటలను మీ ఆడిటరుకు చూపించి ఖరారు చేసుకోండి. వస్తువులు అందితే అవి ఏవో, ఎన్నో, ఏ స్థితిలో ఉన్నాయో రాయండి. వాటి ఖరీదును మీరే అంచనా కట్టకండి.

ఇక విజ్ఞప్తి లేఖ. "వేలాది పిల్లలు చదువుకు దూరమవుతున్నారు" అన్న వాక్యం నిజమే అయినా చదివేవారి మనసులో నిలవదు. డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టైన్, పాల్ స్లోవిక్ అనే పరిశోధకులు 2007లో ప్రచురించిన పరిశోధనలో, ఆకలి గణాంకాలు మాత్రమే చదివినవారు సగటున 1.14 డాలర్లు ఇవ్వగా, ఒక బాలిక గురించి చదివినవారు 2.38 డాలర్లు ఇచ్చారు. అదే బాలిక కథకు గణాంకాలు జతచేసినప్పుడు ఆ సగటు 1.43 డాలర్లకు పడిపోయింది. కనుక ఒక పిల్లవాడి గురించి రాయండి, అయితే ఇంటివారి అనుమతి తీసుకుని, పేరు మార్చి రాయండి. జాలి పుట్టించాలని ఆ కుటుంబాన్ని దీనంగా చిత్రించడం నాకు నచ్చదు. రేపు ఆ పిల్లవాడే పెద్దవాడై చదివినా తలవంచుకోనవసరం లేని విధంగా ఆ లేఖ ఉండాలి.

ఎంత కావాలో, దేనికి కావాలో, ఎప్పటిలోగా కావాలో స్పష్టంగా అడగండి. "మీకు తోచినంత" అంటే మర్యాదగానే ఉంటుంది గానీ, ఎంత ఇవ్వాలో తేల్చుకోలేక చాలామంది ఆ లేఖను పక్కన పెట్టేస్తారు. ఒక పిల్లవాడి ఏడాది పుస్తకాలకు ఎంతవుతుందో చెప్పి, అందులో కొంత ఇచ్చినా ఉపయోగమేనని జోడించండి. ఒక పేజీ మించనివ్వకండి.

ఆ పెద్దాయనకు ఇప్పుడైనా మరో లేఖ రాయండి. క్షమాపణకు ఒక వాక్యం, ఆయన సొమ్ముతో జరిగిన పనికి నాలుగు వాక్యాలు చాలు. అయితే ఆ లేఖను, అడుగున బ్యాంకు ఖాతా సంఖ్య అచ్చయి ఉన్న కాగితం మీద మాత్రం రాయకండి.