దాహం వేయని మనిషికి నీళ్ళ లెక్క: మా ఇంట్లో తూకం మిషన్ చెప్పినట్టే

ట్యూమర్ ఆపరేషన్ తర్వాత మీ నాన్నగారికి దాహమే తెలియట్లేదనీ, రక్తంలో సోడియం ఒక వారం 150, ఇంకో వారం 128 వస్తోందనీ, రోజుకి ఎన్ని నీళ్ళు తాగించాలో అర్థం కావట్లేదనీ అడిగారు. నేను డాక్టర్ని కాను. మా తమ్ముడికి క్రేనియోఫారింజియోమా (మెదడు అడుగున వచ్చే ట్యూమర్) ఆపరేషన్ అయి ఆరేళ్ళయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంట్లో రోజూ చేసేది చెప్తాను.

మొదటిసారి సోడియం ఎక్కువుందని రిపోర్ట్ రాగానే మా అమ్మ కూరల్లో ఉప్పు తగ్గించేసింది. వాడు అన్నం దగ్గర అలిగాడు తప్ప సోడియం దిగలేదు. దాహం తెలియని మనవాళ్ళలో ఆ అంకె పెరిగేది ఉప్పు ఎక్కువై కాదు, ఒంట్లో నీళ్ళు తక్కువై. నీళ్ళు తగ్గితే మామూలు మనిషికి దాహం వేస్తుంది, మూత్రాన్ని ఆపే హార్మోన్ కూడా వస్తుంది. వీళ్ళకి రెండూ పోయాయి. హార్మోన్‌కి బదులు డెస్మోప్రెసిన్ మాత్ర ఉంది, దాహానికి మాత్ర లేదు.

అందుకే మా డాక్టర్ సోడియం సరిగ్గా, అంటే 140 ఉన్న రోజు బరువు చూసి, 62 కిలోలు టార్గెట్ అని రాసిచ్చారు. రోజుకి 1600 మిల్లీలీటర్లు. పొద్దున 61.5 ఉంటే ఆ రోజు 500 ఎక్కువ, 62.4 ఉంటే 400 తక్కువ. మాత్ర డోసు, టైము మాత్రం మారవు. మీ అంకెలు మీ డాక్టరే రాయాలి, మావి వాడకండి.

తూకం పొద్దున్నే, మూత్రానికి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు, అదే లుంగీతో. మిషన్ టైల్ మీదే ఉండాలి, ఒకసారి చాప మీద పెడితే అర కిలో తేడా చూపించి పరేషాన్ చేసింది. సీసా మీద మార్కర్‌తో గీతలు గీసి పక్కన టైం రాశాను: పది, ఒంటిగంట, నాలుగు, ఏడు. చాయ్, మజ్జిగ, చారు అన్నీ లెక్కలోకే వస్తాయి.

"ఎండాకాలం కదా, బాగా తాగించండి" అనేవాళ్ళతో జాగ్రత్త. డెస్మోప్రెసిన్ వేసుకున్న మనిషికి ఎక్కువైన నీళ్ళు బయటికి పోవు. మొదటి మేలో మేమూ ఆ మాట విన్నాం. రెండు రోజుల్లో వాంతులు, ఆ తర్వాత ఫిట్స్. సోడియం 121.

తూకాన్ని కూడా గుడ్డిగా నమ్మకూడదని మాకు ఆలస్యంగా తెలిసింది. ఈ ఆపరేషన్ తర్వాత చాలామందికి ఆకలి పెరిగి ఒళ్ళొస్తుంది. మావాడు కొవ్వు పెరిగి కూడా 62 దగ్గరే ఉన్నాడు, అంటే ఆ మేరకు నీళ్ళు తగ్గాయి. నోట్‌బుక్‌లో అంతా బాగుంది, మనిషి మాత్రం రోజంతా మగతగా పడుకున్నాడు. టెస్ట్ చేయిస్తే 154. అప్పటినుంచి ప్రతి సోమవారం ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్తారు, రిపోర్ట్ చూసి డాక్టర్ టార్గెట్ సవరిస్తారు. ఇప్పుడది 66.

జ్వరం, విరేచనాలు, ఉన్నట్టుండి కిలోకి మించి తేడా, మాట తడబడటం, మగత: వీటిలో ఏది కనిపించినా ఇంట్లో లెక్కలు కట్టకుండా తీసుకెళ్ళండి. ఆస్పత్రిలో సోడియాన్ని కావాలనే మెల్లగా సరిచేస్తారు, తొందరపెట్టకండి. నీళ్ళు బాగా తగ్గినప్పుడు కాలి నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది, వాపు ఉందేమో చూడమని అడగండి. హైడ్రోకార్టిసోన్ (ఒంట్లో తయారుకాని కార్టిసాల్ హార్మోన్‌కి బదులు వేసే మందు) కూడా వాడుతుంటే జ్వరం వచ్చినప్పుడు డోసు ఎంత పెంచాలో ముందే రాయించుకోండి.

ఇంకొకటి. ఫైలు మీద ఈ జబ్బు పేరు డయాబెటిస్ ఇన్సిపిడస్ అని చూసి ఒక వార్డులో మావాడికి షుగర్ డైట్ పెట్టారు. ఇలాంటి పొరపాట్ల వల్లే 2022లో దాని పేరు ఆర్జినైన్ వాసోప్రెసిన్ డెఫిషియెన్సీ అని మార్చారు. "ఇది షుగర్ జబ్బు కాదు, దాహం తెలియదు, డెస్మోప్రెసిన్ ఆపవద్దు" అని కార్డు రాసి వాడి పర్సులో పెట్టాను.

మీ నాన్నగారికి టార్గెట్ బరువు ఎవరైనా రాసిచ్చారా? ఇస్తే ఆ రోజు సోడియం ఎంతుందో ఫైల్లో చూసి చెప్పండి.