రెండో బిడ్డ వద్దంటున్నది మీ భయమా, మీ లెక్కా?

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. మాది విజయవాడ సింగ్ నగర్. మా ఆయనది ప్రైవేటు ఉద్యోగం. ఒక్కతే పాప, ఒకటో తరగతి చదువుతోంది. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు మా ఇంట్లోకి వచ్చాయి. కింద వాటా మొత్తం మునిగిపోయింది. అత్తయ్య, మామయ్యలతో కలిపి ఐదుగురం నాలుగు రోజులు పై వాటాలోనే ఉన్నాం. కరెంటు లేదు, మంచినీళ్లు లేవు. అప్పటినుంచి పర్యావరణం గురించి చాలా చదువుతున్నాను. ఒక బిడ్డను తక్కువ కనడమే భూమికి మనం చేయగల అతి పెద్ద మేలని చదివాక, రెండో బిడ్డ వద్దని గట్టిగా నిర్ణయించుకున్నాను. ఇంట్లో ప్లాస్టిక్ కవర్లు మాన్పించాను, పాప పుట్టినరోజు హడావుడి కూడా మాన్పించాను. ఏసీ దగ్గర మాత్రం రోజూ గొడవే. మా ఆయనకు ఇంకో బిడ్డ కావాలి. "ముఖ్యమంత్రే కనమంటుంటే నీకేంటి?" అంటారు. అత్తయ్య "ఒక కన్ను కన్నూ కాదు" అని గుర్తు చేస్తూనే ఉంటారు. వాన పడితే చాలు, పాప కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడుతుంది. మొన్న "చెల్లి పుడితే భూమి పాడైపోతుందా అమ్మా?" అని అడిగింది. నాది స్వార్థమా? ఏం చేయాలో తోచడం లేదు.
- ఒక సోదరి, విజయవాడ

జవాబు: మీ ఉత్తరంలో పాప అడిగిన మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మీరూ మీవారూ పుట్టని బిడ్డ గురించి వాదించుకుంటున్నారు. పుట్టిన బిడ్డ అదంతా వింటోంది. చెల్లి పుడితే భూమి పాడవుతుందని అనుకున్న పిల్ల, మరి తను పుట్టినప్పుడు ఏమైందని ఆలోచించకుండా ఉంటుందా? ఆరేళ్ల పిల్లలకు ఆ మాట బయటికి అడగడం రాదు. కిటికీ దగ్గర నిలబడతారు, అంతే.

కాబట్టి మిగతావన్నీ ఆగినా ఇది ఆగకూడదు. ఈ రాత్రే పాపను పక్కన పడుకోబెట్టుకుని చెప్పండి: "పిల్లలు పుడితే భూమి పాడవదు. నువ్వు పుట్టినరోజు మేం ఎంత సంబరపడ్డామో తెలుసా? ఆ రోజు నీళ్లు నీవల్ల రాలేదు, ఏ పిల్లలవల్లా రాలేదు." ఒక్కసారి చెబితే చాలదు, మళ్లీ మళ్లీ చెప్పాలి. రెండో బిడ్డ మాట పాప నిద్రపోయాకే మాట్లాడుకుందామని ఇంట్లో అందరితో, ముఖ్యంగా అత్తయ్యగారితో, ఒక మాట అనుకోండి. వచ్చే పుట్టినరోజు కూడా చేయండి. ప్లాస్టిక్ డెకరేషన్లు లేకపోతే పోయె. ఇంట్లో పరమాన్నం, నలుగురు పిల్లలు, గుమ్మానికి మామిడాకులు చాలు.

ఇక మీరు చదివిన లెక్క. అది ఎక్కడినుంచి వచ్చిందో చెబుతాను. 2017లో స్వీడన్‌లోని లండ్ యూనివర్సిటీకి చెందిన పరిశోధకులు ఒక వ్యాసం ప్రచురించారు. ఒక బిడ్డను తక్కువ కంటే ఏడాదికి 58.6 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుందని, కారు మానేస్తే సుమారు 2.4 టన్నులే తగ్గుతుందని అందులో ఉంది. చదివితే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. కానీ ఆ లెక్క ధనిక దేశాల కోసం వేసింది. అందులోనూ ఆ బిడ్డ ఒక్కరిదే కాదు. ఆ బిడ్డకు పుట్టబోయే పిల్లలు, వాళ్ల పిల్లలు, ఇలా తరతరాల వారంతా వదిలే పొగలో వాటాలు తీసి ఇవాళ్టి తల్లిదండ్రుల ఖాతాలో రాశారు. వాళ్లంతా ఇప్పటి మనుషుల్లాగే బొగ్గు, పెట్రోలు కాలుస్తారని అనుకుని వేసిన లెక్క అది. మీ మునిమనవరాలు ఏ కరెంటు వాడుతుందో ఎవరికి తెలుసు? అమెరికాలో మనిషికి ఏడాదికి సుమారు 14 టన్నులు పడితే మన దేశంలో రెండు టన్నుల దగ్గర పడుతుంది. సింగ్ నగర్‌లో పై వాటాలో ఉండే అమ్మ మీద 58 టన్నులు మోపడం న్యాయం కాదు.

మా అమ్మకు మేం ఏడుగురం. ఇంటికంతా ఒక ఫ్యాను, రెండు బల్బులు. పెద్దవాళ్ల లంగాలు చిన్నవాళ్లకు దిగేవి. ఏడుగురిని కనమని చెప్పడం లేదు, అమ్మ ఒళ్లు ఎంత గుల్లయిందో చూసినదాన్ని. ఇంట్లో తలలు ఎన్నో లెక్కపెడితే సగమే తెలుస్తుంది, ఆ తలలు ఎలా బతుకుతున్నాయన్నది మిగతా సగం అని మాత్రం నమ్ముతాను.

మీ ఇంటికి నీళ్లు ఊయలల వల్ల రాలేదు. కుండపోత వానకు బుడమేరు డైవర్షన్ కాలువ కట్టలకు గండ్లు పడ్డాయి, ఏరు పారే దారి ఏళ్ల తరబడి ఇళ్లతో, ఆక్రమణలతో ఇరుకైపోయింది. బెజవాడ దుఃఖదాయిని అన్న పేరు ఆ ఏటికి ఈనాటిది కాదు. వాతావరణం మారి వానలు మరీ కుంభవృష్టిగా పడుతున్న మాట నిజమే. కానీ ఆ పాపమంతా ఒక్క గర్భం మీద వేసుకోకండి తల్లీ.

అయితే మీ నిర్ణయం తప్పని నేను అనడం లేదు. ఒక్క బిడ్డ చాలనుకోవడం స్వార్థం కాదు, ఇద్దరు కావాలనుకోవడమూ కాదు. నాకు కావలసింది మీ అసలు కారణం. ఒంటరిగా కూర్చుని ఈ ప్రశ్న వేసుకోండి: బుడమేరు ఇక ఎప్పటికీ పొంగదని ఎవరైనా రాసిస్తే, నాకు ఇంకో బిడ్డను ఎత్తుకోవాలని ఉంటుందా?

"ఉంటుంది" అని లోపలినుంచి జవాబు వస్తే, వద్దంటున్నది లెక్క కాదు, భయం. నాలుగేళ్ల పిల్లను చంకనేసుకుని మెట్ల మీద నీళ్లు ఎక్కుతుంటే చూసిన భయం. దానికి మందు ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. వాన శబ్దానికి నిద్ర పట్టకపోవడం, ఉన్నట్టుండి గుండె దడ వస్తుండటం ఉంటే తప్పకుండా చేయండి. అలా కాక "లేదు, వరద రాకపోయినా నాకు ఒక్కరే చాలు" అనిపిస్తే, దానికి భూమిని సాక్ష్యానికి పిలవక్కర్లేదు. నా ఒళ్లు, నా ఓపిక, మా సంపాదన ఇంతే అని చెప్పే హక్కు మీకు ఉంది.

మీవారితో ఇప్పటిదాకా టన్నుల్లో మాట్లాడినట్టున్నారు. ఆయన ముఖ్యమంత్రి మాటతో జవాబిచ్చారు. ఇద్దరూ మీ మనసు దాచుకుని బయటివాళ్లను తెచ్చి నిలబెట్టారు. నా చిన్నప్పుడు గోడల మీద కుటుంబ నియంత్రణ గుర్తు ఎర్ర త్రికోణం వేసి ఇద్దరు చాలన్నారు. 1994లో ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ, మున్సిపల్ ఎన్నికల్లో పోటీకి అర్హత లేదన్నారు. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఆ నిబంధనే ఎత్తేసింది. రాష్ట్రంలో స్త్రీకి సగటున పిల్లలు 1.7కు తగ్గారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది కాబట్టి ప్రభుత్వానికి దిగులు ఉండవచ్చు. కానీ ప్రభుత్వాలు మాట మారుస్తాయి, పురుడు పోసుకునేది మీరు, పెంచేది మీ ఇద్దరూ. "నాలుగు రోజులు పాపకు నీళ్లు ఎలా పొదుపు చేశానో గుర్తుందా? నాకు ఇంకా ఆ భయం పోలేదు" అని ఆయనతో అనండి. ఆయనకు ఇంకో బిడ్డ ఎందుకు కావాలో కూడా అడగండి. పాపకు తోడు కోసమా, అమ్మగారి మాట కోసమా? మీరు విన్నాకే మీ మాట ఆయన వింటారు.

అత్తయ్యగారి సామెతలో రెండో సగం కూడా ఉంది: "ఒక కొడుకు కొడుకూ కాదు." ఆవిడ ఎదురుచూస్తున్నది తోడు కోసమో మనవడి కోసమో మీవారినే మెల్లగా కనుక్కోమనండి. మగపిల్లాడి కోసమే అయితే ఆ ప్రయత్నానికి మీ ఒళ్లు అప్పగించకండి. పుట్టబోయేది ఎవరో స్కానింగ్‌లో తెలుసుకోవడం నేరమని కూడా మీవారికి తెలియాలి.

తొందరపడి కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు మాత్రం వెళ్లకండి. కాపర్-టీ వేయించుకుంటే రకాన్ని బట్టి ఐదేళ్లో పదేళ్లో ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీయించుకోవచ్చు. ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే. రెండేళ్లు ఆగి మనసు కుదుటపడ్డాక నిర్ణయించుకోండి, 34కు వయసు మించిపోదు. అప్పుడూ ఇక చాలనుకుంటే, మగవారికి చేసే ఆపరేషన్ చాలా తేలిక అని ఆయనకు చెప్పండి. మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవారే, మగవాళ్లు ఒక్క శాతం కూడా లేరు. ఈ సంగతి రాసేటప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది.

ఏసీ గొడవకు వద్దాం. మీరు కవర్ల దగ్గర పట్టిన పట్టు ఇక్కడ పట్టి ఉంటే లాభం ఎక్కువ. కానీ గొడవతో కాదు. ఏసీ రాత్రంతా నడిస్తే సుమారు ఎనిమిది యూనిట్లు, యూనిట్‌కు దాదాపు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. 20లో పెట్టేదాన్ని 26లో పెట్టి ఫ్యాను వేసుకుంటే అందులో చెప్పుకోదగ్గ భాగం మిగులుతుంది, బిల్లూ తగ్గుతుంది. బెజవాడ మే నెలలో ముసలివాళ్లున్న ఇంట్లో ఏసీ కట్టేయమనడం సరికాదు. ఇల్లు మీదే అయితే డాబా మీద సోలార్ పెట్టించుకోండి. పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు కేంద్రం 78,000 రూపాయలు ఇస్తుంది. రోజూ మీరు కాపలా కాయాల్సిన పని తప్పుతుంది. మీవారినే ఆ పని చూడమనండి, ఆయనకూ ఇందులో చేయి ఉన్నట్టు అనిపిస్తుంది.

ఇక వానాకాలం వచ్చేలోగా ఒకటి చేయండి. కింద ఉన్న మోటారు స్విచ్‌లు, మీటరు బోర్డు ఎత్తు పెంచడం ఎలాగో ఎలక్ట్రీషియన్‌ను, కరెంటాఫీసు వాళ్లను మీవారు అడగనీండి. పై వాటాలో ఒక సంచి సర్ది ఉంచండి: సర్టిఫికెట్ల కవరు, టార్చి, మామయ్యగారి మందులు, బిస్కెట్లు, మూత బిగువుగా ఉన్న నీళ్ల డబ్బా. సర్దేటప్పుడు పాపను పక్కన కూర్చోబెట్టుకోండి. ఇంకా ఏం పెట్టాలో తననే చెప్పమనండి.